హెచ్.ఆర్. చదువులు, ఉద్యోగాలు: ప్లస్ టూ తర్వాత మన పిల్లలకు ఇంకో దారి

ప్లస్ టూ ముగుస్తుందంటే ఇంట్లో వచ్చే మాటలు ఎక్కువగా మూడే. ఇంజనీరింగా, నర్సింగా, టీచరు ట్రైనింగా? ఆర్ట్స్, కామర్స్ గ్రూపు చదివిన పిల్లలకు ఏ దారి ఉందో చెప్పేవాళ్లు తక్కువ. అలాంటి పిల్లలకు పనికొచ్చే చదువుల్లో ఒకటి మానవ వనరుల నిర్వహణ. కంపెనీల్లో దీన్నే హెచ్.ఆర్. అంటారు. మన బడిలో తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ నేర్చుకుంటున్న పిల్లలకు ఈ పనిలో ఒక ప్రత్యేకమైన మేలు ఉంది. అది ఏమిటో, ఏం చదవాలో, ఎక్కడ చదవాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో ఈ వ్యాసంలో చూద్దాం.

హెచ్.ఆర్. అంటే ఏం పని?

ఒక ఫ్యాక్టరీలో యంత్రాల బాధ్యత ఇంజనీరుది, లెక్కల బాధ్యత అకౌంటెంటుది. అక్కడ పనిచేసే మనుషుల బాధ్యత హెచ్.ఆర్. విభాగానిది. మనుషుల్ని ఎంపిక చేయడం, పని నేర్పించడం, హాజరు చూడడం, జీతం లెక్క వేయడం, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. కట్టించడం, సెలవులు, క్యాంటీను, బస్సు, గొడవలు, యూనియన్‌తో చర్చలు, ఉద్యోగం మానేటప్పుడు రావలసిన డబ్బు ఇప్పించడం, ఇవన్నీ ఈ విభాగం పనులే.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక కార్మికురాలికి అలవెన్సులు ఏమీ లేకుండా నెలకు 14,000 రూపాయలు జీతం అనుకుందాం. పి.ఎఫ్. 12 శాతం అంటే 1,680 రూపాయలు, ఇ.ఎస్.ఐ. 0.75 శాతం అంటే 105 రూపాయలు ఆమె జీతంలో పట్టుకుంటారు. యజమాని తన వంతుగా పి.ఎఫ్.కు 12 శాతం, ఇ.ఎస్.ఐ.కి 3.25 శాతం, అంటే 455 రూపాయలు, కట్టాలి. ఆమె జీతంలో పట్టుకున్నారు, కానీ కట్టవలసిన చోట కట్టలేదు అనుకోండి. జబ్బు చేసి ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి పోయిన రోజు ఆ సంగతి బయటపడుతుంది. హెచ్.ఆర్. వాళ్ల పని సరిగా ఉందో లేదో తెలిసేది ఇట్లాంటి రోజునే. కాబట్టి ఇది ఏసీ గదిలో కూర్చుని ఇంటర్వ్యూలు చేయడం ఒక్కటే కాదు.

ఈ పని ఎట్లా వచ్చింది?

మన దేశంలో ఈ వృత్తి కార్మికుల సంక్షేమం అన్న మాటతో మొదలైంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 49వ సెక్షను ప్రకారం 500 మంది లేక అంతకు మించి కార్మికులున్న ప్రతి ఫ్యాక్టరీలో సంక్షేమ అధికారి ఉండవలసి వచ్చేది. 2025 నవంబరు 21 నుంచి కేంద్రం నాలుగు కొత్త కార్మిక కోడ్‌లను అమలులోకి తెచ్చింది. 29 పాత చట్టాలు ఈ నాలుగింటిలో కలిశాయి. కొత్త కోడ్‌లో సంక్షేమ అధికారి ఉండవలసిన సంఖ్య 500 నుంచి 250కి దిగింది. అంటే ఈ అధికారి అవసరం ఇంకా చిన్న ఫ్యాక్టరీలకూ వచ్చింది.

ఈ రంగంలో తెలుగువాళ్ల పేర్లు రెండు మన పిల్లలకు తెలియాలి. మొదటిది వి.వి. గిరి. బరంపురంలో పుట్టిన ఆయన రైల్వే కార్మికుల నాయకుడు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో మద్రాసు రాష్ట్రానికి కార్మిక, పరిశ్రమల మంత్రి. మన ఊరు ఆనాడు ఆ రాష్ట్రంలోనే ఉండేది. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయి, బ్యాంకు ఉద్యోగుల వేతనాల విషయంలో ప్రభుత్వంతో విభేదించి 1954లో రాజీనామా చేశారు. 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతి. యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలన్నది ఆయన పట్టు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరే ఉంది.

రెండవ పేరు టి.వి. రావు. అహమదాబాదు ఐ.ఐ.ఎం.లో ప్రొఫెసరుగా పనిచేశారు. 1970ల మధ్యలో ఉదయ్ పారీక్‌తో కలిసి ఎల్ అండ్ టి కంపెనీకి మానవ వనరుల అభివృద్ధి విభాగాన్ని రూపొందించారు. ఉద్యోగిని హాజరు పుస్తకంలో ఒక పేరుగా కాకుండా, ఎదగగల మనిషిగా చూడాలన్న ఆలోచన మన దేశంలో ఆ పనితో గట్టిపడింది.

మన పిల్లలకు ఉన్న మేలు ఏమిటి?

ఫ్యాక్టరీల చట్టం కింద పలు రాష్ట్రాలు చేసిన నియమాల్లో సంక్షేమ అధికారికి మూడు అర్హతలు చెప్పారు. ఒకటి డిగ్రీ. రెండు, సామాజిక సేవ లేక కార్మిక సంక్షేమంలో డిగ్రీగాని డిప్లొమాగాని. మూడు, ఆ ఫ్యాక్టరీలో ఎక్కువమంది కార్మికులు మాట్లాడే భాష బాగా రావడం. భాషను ఇంత స్పష్టంగా అర్హతగా రాసిన ఉద్యోగాలు చాలా తక్కువ.

మన చుట్టుపక్కల చూడండి. హోసూరులో సిప్‌కాట్ పారిశ్రామికవాడలు, టి.వి.ఎస్. మోటార్, అశోక్ లేలాండ్, టైటాన్ ఉన్నాయి. ఆ పక్కనే టాటా ఎలక్ట్రానిక్స్, పోచంపల్లి దగ్గర ఓలా ఎలక్ట్రిక్ వచ్చాయి. హోసూరు తెలుగు, కన్నడ, తమిళం మూడూ వినిపించే ఊరు. ఇప్పుడు ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లతో హిందీ కూడా చేరింది. ఇటు సేలంలో ఉక్కు ఫ్యాక్టరీ, అటు బెంగుళూరు. ఇంకాస్త దూరం పోతే చిత్తూరు, శ్రీసిటీ. కార్మికుడు తన కష్టం తన భాషలోనే చెప్పుకుంటాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు మాట్లాడే బిడ్డ ఈ ఊళ్లన్నిటిలో నిలబడగలదు.

"తెలుగు చదివితే ఇక్కడ ఏం ఉద్యోగం వస్తుంది" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. తెలుగు ఒక్కటే చదివితే ఉద్యోగం రాదు, నిజమే. కానీ తెలుగుతో పాటు తమిళం రాయడం, ఇంగ్లీషులో ఉత్తరం తయారుచేయడం వచ్చిన బిడ్డకు తెలుగు అదనపు బలం. మూడింటిలో ఏది వదిలినా ఆ బలం తగ్గుతుంది.

ఏం చదవాలి?

ప్లస్ వన్‌లో ఏ గ్రూపు తీసుకున్నా ఈ దారి మూసుకుపోదు. కామర్స్ అయితే జీతం లెక్కలు తేలికగా అర్థమవుతాయి.

డిగ్రీలో బి.బి.ఎ., బి.కాం., బి.ఎస్.డబ్ల్యు., సైకాలజీ, సోషియాలజీ, ఎకనామిక్స్ ఏదైనా సరే. డిగ్రీతో చిన్న ఉద్యోగంలో చేరవచ్చు. పై మెట్టు ఎక్కాలంటే పీజీ కావాలి. ముఖ్యంగా మూడు దారులున్నాయి.

ఒకటి, ఎం.బి.ఎ. తమిళనాడులో దీనికి అన్నా యూనివర్సిటీ జరిపే టాన్సెట్ రాయాలి. రెండో ఏడాదిలో హెచ్.ఆర్. ప్రత్యేక పాఠ్యాంశంగా తీసుకుంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చదవాలంటే ఐసెట్.

రెండు, ఎం.ఎస్.డబ్ల్యు. ఇందులో హెచ్.ఆర్. లేక కార్మిక సంక్షేమం ప్రత్యేక విభాగంగా ఉంటే, ఫ్యాక్టరీ ఉద్యోగాలకు ఇది బాగా సరిపోతుంది. చదువుకుంటూనే ఫ్యాక్టరీకి పోయి పని చూడవలసి ఉంటుంది.

మూడు, ఎం.ఎ. హెచ్.ఆర్.ఎం. లేక లేబర్ మేనేజ్‌మెంట్.

ఎక్కడ చదవాలి?

దగ్గరలో మొదలుపెడదాం. డిగ్రీకి పాపిరెడ్డిపట్టి, ధర్మపురి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలు ఉన్నాయి. బొమ్మిడిలో రైలెక్కితే ఒకవైపు సేలం, ఇంకోవైపు తిరుపత్తూరు. సేలంలో 1997లో ఏర్పడిన పెరియార్ యూనివర్సిటీ ఉంది. తిరుపత్తూరు సేక్రెడ్ హార్ట్ కళాశాలలో ఎం.ఎస్.డబ్ల్యు. ఉంది.

చెన్నైలో తమిళనాడు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లేబర్ స్టడీస్ రాష్ట్ర కార్మిక శాఖ కింద నడుస్తుంది. ప్లస్ టూ తర్వాత నేరుగా చేరే బి.ఎ. లేబర్ మేనేజ్‌మెంట్ ఇక్కడ ఉంది. ఎం.ఎ. కూడా ఉంది. ప్రభుత్వ సంస్థ కాబట్టి మధ్యతరగతి ఇళ్లవాళ్లు ముందుగా దీన్ని విచారించడం మంచిది. 1952లో మొదలైన మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ కూడా చెన్నైలోనే ఉంది.

తెలుగు నేలపై చదవాలనుకుంటే విశాఖపట్నం ఆంధ్రా యూనివర్సిటీలో హెచ్.ఆర్.కు ప్రత్యేక విభాగమే ఉంది.

దేశం మొత్తం మీద పేరున్నవి రెండు. జంషెడ్‌పూర్‌లో 1949లో స్థాపించిన ఎక్స్.ఎల్.ఆర్.ఐ., దీనికి క్సాట్ పరీక్ష. ముంబైలో 1936లో మొదలైన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, దీనికి క్యాట్ పరీక్ష. పోటీ చాలా గట్టిది. ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవాళ్లకు ఇగ్నో దూరవిద్యలో హెచ్.ఆర్. ఎం.బి.ఎ. ఉంది.

ప్రభుత్వ ఉద్యోగాలు

డిగ్రీతో రాసే టి.ఎన్.పి.ఎస్.సి. గ్రూప్ 2లో కార్మిక శాఖ అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్, ఉపాధి శాఖ జూనియర్ ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసర్ పోస్టులుంటాయి. యు.పి.ఎస్.సి. ద్వారా పి.ఎఫ్. సంస్థలో ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్, అసిస్టెంట్ కమిషనర్ పోస్టులకు ఏ డిగ్రీ అయినా చాలు. పీజీ అయినవాళ్లు యు.జి.సి. నెట్‌లో 55వ సబ్జెక్టు రాయవచ్చు. అధ్యాపకులు కావడానికి అది దారి. కొన్ని ప్రభుత్వరంగ సంస్థలు హెచ్.ఆర్. అధికారుల ఎంపికకు కూడా ఆ మార్కులు చూస్తుంటాయి.

ఇక్కడ మన తల్లిదండ్రులు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. టి.ఎన్.పి.ఎస్.సి. పరీక్షల్లో తమిళ అర్హత పరీక్ష తప్పనిసరి. అందులో కనీసం 40 శాతం రాకపోతే మిగతా పేపర్లలో ఎంత బాగా రాసినా లాభం లేదు. ఒకటో తరగతి నుంచి తమిళ మీడియంలో చదివినవాళ్లకు ఉన్న 20 శాతం ప్రాధాన్యం తెలుగు మీడియం పిల్లలకు వర్తించదు. ఇది తెలిసి, ఆరో తరగతి నుంచే తమిళం మీద శ్రద్ధ పెట్టాలి. తమిళ వార్తాపత్రిక రోజుకు ఒక పేజీ చదివినా చాలు.

మొదటి ఉద్యోగం ఎట్లా ఉంటుంది?

ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. మామూలు కళాశాలలో ఎం.బి.ఎ. చేసినవాళ్లకు మొదటిరోజే మేనేజరు కుర్చీ దొరకదు. ఫ్యాక్టరీ అయితే టైమ్ ఆఫీసులో హాజరు, షిఫ్టులు, ఓవర్‌టైమ్ లెక్కలు చూడాలి. నగరంలో కన్సల్టెన్సీ అయితే రోజంతా ఫోన్లు చేసి అభ్యర్థులను వెతకాలి. ఫ్యాక్టరీలో రాత్రి ప్రమాదం జరిగితే ఇంటి నుంచి లేచి పోవాలి. కాంట్రాక్టు కార్మికులకూ మేనేజ్‌మెంటుకూ మధ్య నిలబడి ఇద్దరి చేతా మాటలు పడాలి. నాలుగైదేళ్లు ఈ పని ఓపికగా నేర్చుకున్నవాళ్లే పైకి పోతారు. ఎక్సెల్, కార్మిక చట్టాలు ఈ రెండూ బాగా వచ్చినవాళ్లకు పని వెతుక్కోవడం తేలిక.

డిగ్రీ అయిన వెంటనే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద చేరితే స్టైపెండుతో ఏడాది అనుభవం వస్తుంది. ఇది ఇంజనీర్లకు మాత్రమే కాదు, బి.ఎ., బి.కాం. వాళ్లకూ ఉంది.

తల్లిదండ్రులు గమనించవలసినవి

కళాశాలలో చేర్చే ముందు ఈ ప్రశ్నలు అడగండి. యూనివర్సిటీ గుర్తింపు ఉందా? పాఠాల్లో కొత్త కార్మిక కోడ్‌లు చెబుతున్నారా, పాత పుస్తకాలే నడుస్తున్నాయా? పోయిన ఏడాది హెచ్.ఆర్. చదివినవాళ్లు ఏ పనిలో చేరారు, జీతం ఎంత? "నూటికి నూరు ప్లేస్‌మెంట్" అన్న బోర్డును చూసి అప్పు చేయకండి. చదివి బయటికొచ్చిన ఇద్దరు పిల్లలతో మాట్లాడిన తర్వాతే ఫీజు కట్టండి.

"కంపెనీ హెచ్.ఆర్. నుంచి మాట్లాడుతున్నాం, డిపాజిట్ కడితే ఆఫర్ లెటర్ పంపిస్తాం" అని ఫోన్లు వస్తుంటాయి. ఉద్యోగం ఇచ్చే కంపెనీ జీతం ఇస్తుందిగాని డబ్బు అడగదు. అడిగితే అది మోసమే.

ఆరు నుంచి ప్లస్ టూ వరకు ప్రభుత్వ బడిలో చదివిన ఆడపిల్లలకు పుదుమై పెణ్, మగపిల్లలకు తమిళ్ పుదల్వన్ పథకం కింద కళాశాలలో నెలకు 1,000 రూపాయలు వస్తాయి. అర్హత ఉన్నవాళ్లు చేరిన వెంటనే కళాశాల ఆఫీసులో అడగండి.

పిల్లలు ఇప్పుడే చేయదగినవి

ఇంట్లో ఎవరి జీతం చీటీ ఉన్నా తీసి చదవండి. పి.ఎఫ్. ఎంత, ఇ.ఎస్.ఐ. ఎంత, ఓవర్‌టైమ్ ఎంత అని లెక్క వేయండి. అమ్మానాన్నలకు అర్థం కానిది మీరు చెప్పండి. పి.ఎఫ్. ఖాతాలో డబ్బు పడుతున్నదో లేదో ఫోనులో చూసిపెట్టండి. ఊళ్లో ఒకరికి తమిళంలో దరఖాస్తు, ఇంకొకరికి ఇంగ్లీషులో ఉత్తరం రాసిపెట్టండి. బడిలో ఆటలపోటీ జరిగితే ఎవరికి ఏ పని అప్పజెప్పాలో ఆ బాధ్యత మీరు తీసుకోండి. ఈ పనుల్లో మీకు విసుగు రాకపోతే, ఇంకొకరి కష్టం ఓపికగా వినడం మీకు చేతనైతే, హెచ్.ఆర్. మీకు సరిపోయే చదువే.