రోడ్డు పేరు పెట్టుకున్న అమ్మాయిలు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ఒలింపియా పక్కనున్న లేసీ ఊళ్లో స్లేటర్-కిన్నీ అనే రోడ్డుంది. ఆ దగ్గర్లో పాటలు సాధన చేసుకున్న కోరిన్ టకర్, కేరీ బ్రౌన్‌స్టీన్ 1994లో తమ బాండ్‌కి ఆ పేరే పెట్టుకున్నారు.

వీళ్లు ఉన్నట్టుండి ఊడిపడలేదు. 1990ల మొదట్లో ఒలింపియాలో ‘రయట్ గర్ల్’ ఉద్యమం మొదలైంది. రాక్ కచేరీల్లో మగపిల్లల తోపులాటకి వెనక్కి నెట్టబడే ఆడపిల్లల్ని ‘బికినీ కిల్’ బాండ్ ముందుకి పిలిచి నిలబెట్టింది. అత్యాచారం, ఇంట్లో హింస, శరీరం గురించిన సిగ్గు, ఇలా పరువు మాటున దాచే విషయాలన్నీ అమ్మాయిలు సొంతంగా జిరాక్సు తీసి పంచుకున్న చిన్న పత్రికల్లోకి ఎక్కాయి. కోరిన్ ‘హెవెన్స్ టు బెట్సీ’లో, కేరీ ‘ఎక్స్‌క్యూజ్ 17’లో పాడుతూ ఆ వాతావరణంలోనే ఎదిగారు.

మొదటి ఆల్బమ్‌ని మెల్‌బోర్న్‌లో రికార్డు చేశారు. 1995లో దాన్ని విడుదల చేసిన ‘చెయిన్‌సా’ డోనా డ్రెష్ అనే సంగీతకారిణి నడిపిన చిన్న సంస్థ. పెద్ద ప్రచురణకర్తల గుమ్మం ముందు నిలబడకుండా సొంత పత్రికలు పెట్టుకున్న మనకి ఆ తెగువ అర్థమవుతుంది. 1996లో ‘కాల్ ద డాక్టర్’ వచ్చింది. అదే ఏడాది డ్రమ్మర్ జానెట్ వైస్ చేరింది. 1997లో ‘డిగ్ మి అవుట్’తో వాళ్ల పేరు బాగా వినబడింది.

ఈ బాండ్‌లో బేస్ గిటార్ లేదు. రెండు గిటార్లూ ఒకదానికొకటి బదులు చెప్పుకుంటాయి, రెండు గొంతులూ ఒకదాని మీదికొకటి వస్తాయి. ఒకరు నాయకి, మరొకరు తోడు అనే వరస ఇక్కడ చెల్లదు.

అయితే 1996లో ఒక పత్రిక, వీళ్లిద్దరి మధ్య ఒకప్పుడున్న ప్రేమ సంబంధాన్ని వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టింది. కేరీ ఇంట్లోవాళ్లకి అప్పటికి ఆ సంగతి తెలియదు. 2001లో విమర్శకుడు గ్రీల్ మార్కస్ ‘టైమ్’ పత్రికలో వీళ్లని అమెరికాలోకెల్లా గొప్ప రాక్ బాండ్ అన్నాడు. అయినా ‘బాండ్‌లో ఆడవాళ్లుగా ఉండటం ఎలా ఉంటుంది?’ అనే ప్రశ్న వాళ్లని వదల్లేదు. ‘రచయిత్రిగా మీరేమంటారు?’ అన్న ప్రశ్న మనకి కొత్తా?

వ్యక్తిగతం రాజకీయమే అని మనమే అన్నాం. కానీ ఆ వ్యక్తిగతాన్ని ఎప్పుడు, ఎవరికి, ఎంత చెప్పాలో నిర్ణయించే హక్కు కూడా ఆమెదే. కేరీ తన కథని తానే పుస్తకంగా రాసుకుంది, 2015లో. పత్రిక ఒక్క వ్యాసంలో లాక్కున్న మాటని తన చేతుల్లోకి తిరిగి తెచ్చుకోవడానికి ఆమెకి పందొమ్మిదేళ్లు పట్టింది.