నడుము నొప్పి కారణాల నిర్ధారణ: డిస్కు ప్రాబల్యంపై పునఃపరిశీలన

నడుము నొప్పి కారణాలను వేరుపరచే విద్య 1934లో డిస్కును గుర్తించడంతో మొదలై ఎమ్మారైతో పరిపూర్ణమైందన్న కథనం విస్తృతంగా ప్రచారంలో ఉంది. రోగి చెప్పే మాటను, కాలి కదలికను ఆధారం చేసుకొని అంతకుముందే సాధించిన వివేచన ఇందులో మరుగున పడింది. ఆ తరువాత ఒక్క కారణం మిగిలినవాటిని ఎంతగా కప్పివేసిందో కూడా ఇందులో కనిపించదు.

పూర్వఘట్టాలు గ్రంథస్థమైనవే. పిరుదు దగ్గర మొదలై తొడ, మోకాలు, పిక్కల మీదుగా పాదానికి దిగే నొప్పిని చరకసంహిత గృధ్రసిగా వర్ణించగా, కాలు ఎత్తలేకపోవడాన్ని సుశ్రుతసంహిత దాని లక్షణంగా చెప్పింది. 1764లో ఇటలీ వైద్యుడు కొతూన్యో నరం నుంచి పుట్టే నొప్పిని కీలు నొప్పి నుంచి విడదీశాడు. 1880లో సెర్బియా వైద్యుడు లాజరేవిచ్, ఆ మరుసటి ఏడు ఫ్రాన్సులో లాసెగ్ శిష్యుడు ఫోర్స్ట్ వివరించిన పరీక్ష నేటికీ నిలిచే ఉంది: రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా కాలు పైకెత్తినప్పుడు నొప్పి మోకాలి కిందికి జివ్వున పాకితే నరం మూలం ఒత్తిడికి గురైందని అనుమానించాలి.

వివాదమంతా 1934 చుట్టూనే ఉంది. వెన్నుపూసల మధ్య మెత్తలాంటి డిస్కు చిట్లి, లోపలి గుజ్జు వెలికివచ్చి నరాన్ని నొక్కుతుందని బోస్టన్‌కు చెందిన మిక్స్టర్, బార్ ఆ ఏడు 19 మంది రోగుల ఆధారంగా నిరూపించారు. అంతకుముందు శస్త్రవైద్యులు ఇటువంటి ముక్కలను మృదులాస్థి కణుతులుగా లెక్కగట్టేవారు కనుక ఆ నిరూపణ విలువ తక్కువది కాదు. అయితే అది ప్రధానంగా నరాల మీది ఒత్తిడిని వివరించిందే తప్ప, కాలికి దిగని నడుము నొప్పి అంతటికీ డిస్కే మూలమని నిరూపించలేదు. ఆ హద్దును చెరిపివేసింది తరువాతి శస్త్రచికిత్సల ఉత్సాహమే. 1933లో వైద్యుడు ఘోర్మ్లీ ఎత్తిచూపిన వెన్నుపూసల వెనుక కీళ్ల నొప్పి దాంతో చాలాకాలం వెనుకబడింది. నడిచినకొద్దీ కాళ్లు లాగి, కూర్చున్నా ముందుకు వంగినా తెరిపినిచ్చే బాధకు వెన్ను నాళం ఇరుకు కావడమే కారణమని డచ్చి వైద్యుడు వెర్బియెస్ట్ 1954లో విశదీకరించేదాకా ఆ కారణం విస్తృతంగా గుర్తింపు పొందలేదు.

ఎమ్మారై ఈ చిక్కును తీర్చకపోగా పెంచింది. నడుము నొప్పి లేని 98 మందికి స్కాన్ చేసి 1994లో ప్రకటించిన పరిశీలనలో 52 శాతం మందికి డిస్కు ఉబ్బు, 27 శాతం మందికి మరింత ముందుకు పొడుచుకురావడం కనిపించాయి; గుజ్జు పూర్తిగా వెలికిరావడం మాత్రం 1 శాతానికే పరిమితమైంది. కాబట్టి స్కాన్ నిరర్థకం కాదు గాని, పరీక్షతో పొసగని ఉబ్బును వ్యాధిగా చదవడం తప్పు.

కాలెత్తి చూడకముందే స్కాన్ రాసే నేటి అలవాటు ఈ కారణంగానే ఆక్షేపణీయం. దానికి విరుగుడుగా వచ్చిన ‘నిర్దిష్ట కారణం లేని నొప్పి’ అనే వర్గీకరణ అనవసర శస్త్రచికిత్సలకు అడ్డుకట్ట వేయగలదు, కాని తొందరపడి వాడితే అదీ అన్వేషణను ఆపేస్తుంది. నలభై ఏళ్లలోపు మొదలై, తెల్లవారుజామున బిగుసుకుపోయి, విశ్రాంతితో కాక కదలికతో సడలే నొప్పి వెన్ను కీళ్లవాపు వ్యాధికి సూచన. జ్వరం, బరువు తగ్గడం తోడైతే క్షయను, ముఖ్యంగా మన దేశంలో, తప్పక పరిశీలించాలి. మూత్రం ఆగిపోవడం, మర్మాంగాల చుట్టూ తిమ్మిరి కనిపిస్తే మాత్రం గంటలు కూడా వృథా చేయకుండా స్కాన్ చేయించాల్సిందే.