రంప పితూరీ (1879): సహజదోషం, నిషేధదోషాల భేదం – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

ఒక పని స్వతహాగా చెడ్డది కావడం వేరు. శాసనం నిషేధించినందువల్ల నేరం కావడం వేరు. మొదటిదాన్ని పాశ్చాత్య న్యాయశాస్త్రం 'మాలమ్ ఇన్ సే' అనీ, రెండవదాన్ని 'మాలమ్ ప్రొహిబిటమ్' అనీ వ్యవహరించింది. వీటిని ఈ వ్యాసంలో వరుసగా సహజదోషం, నిషేధదోషం అని పేర్కొనడమైనది. నిషేధదోషం విషయంలో శిక్షకు లోబడితే చాలునని, అంతకుమించి అంతరాత్మకు బాధ్యత లేదని 18వ శతాబ్ది ఆంగ్ల న్యాయవేత్త బ్లాక్‌స్టన్ భావించాడు. బెంథామ్ ఈ విభజనను అపహసించాడు. నారదస్మృతి కూడా రాజాజ్ఞతో ముడిపడిన వివాదాలను 'ప్రకీర్ణకం' పేరుతో విడిగా నిలిపింది. తెలుగులో 'తప్పు' అంటే దోషమే కాక జరిమానా కూడా. 'తప్పు కట్టడం' అనే పలుకుబడి ఇందుకు నిదర్శనం. ఈ భేదం గోదావరి మన్యం చరిత్రను అర్థం చేసుకోవడానికి ఎంతవరకు ఉపకరిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. కల్లు నేరమైన తీరు:

మన్యంలో కల్లు ఆహారంలో భాగం. రంప మన్సబుదారు దానిపై 'చిగురుపన్ను' వసూలు చేసేవాడు. అనంతరం వచ్చిన ఆబ్కారీ నిబంధనలు ఇంటి అవసరానికి సైతం కల్లు గీయడాన్ని నిషేధించి, ఆ రాబడిని గుత్తకిచ్చాయి. చెట్టు మారలేదు, గీసే చెయ్యి మారలేదు. మారినది శాసనం మాత్రమే. నిన్నటి ఆచారం నేడు నేరమైంది. 1879 మార్చిలో రంపలో మొదలైన తిరుగుబాటు గొలుగొండ, రేకపల్లి ప్రాంతాలకు వ్యాపించడానికి గల కారణాలలో ఇటువంటి నిషేధాలు, పన్నుల భారం ముఖ్యమైనవి.

3. అటవీ శాసనం:

1860 నాటి భారత శిక్షాస్మృతి శాసనం శిక్షార్హం చేసినదాన్నే 'నేరం'గా నిర్వచించింది. 1882 నాటి మద్రాసు అటవీచట్టం రిజర్వు అడవులలో చెట్లు నరకడం, పశువులను మేపడం, పోడు కోసం నేలను చదును చేయడం వంటి పనులను ఆ పరిధిలోకి తెచ్చింది. అడవిపై ఆంక్షలు, రోడ్ల నిర్మాణంలో వెట్టి కలిసి 1922–24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన సాగిన పోరాటానికి నేపథ్యమయ్యాయి.

4. భేదానికి గల పరిమితులు:

అయితే నిషేధాలన్నీ ఒకే కోవకు చెందవు. ఇంటి కల్లుపై నిషేధానికి ఆధారం ప్రధానంగా రాబడి. పోడుపై ఆంక్షకు అటవీ సంరక్షణ అనే వాదమైనా ఉంది. ఆ వాదం నిలుస్తుందా లేదా అన్నది వేరే చర్చ. అలాగే శాసనం అన్యాయమైనదైనంత మాత్రాన తిరుగుబాటులో జరిగిన హత్యలు దోషరహితం కావు. సహజదోషమనే భావన ఇరుపక్షాలకూ సమానంగా వర్తించాలి. తిరుగుబాటుదారులకు, వారిని అణచివేసిన ప్రభుత్వానికి చరిత్రకారుడు వేర్వేరు కొలమానాలు వాడరాదు.

5. ముగింపు:

వలస ప్రభుత్వ రికార్డులలోని 'నేరస్థుడు' అనే మాటను పరిశోధకుడు యథాతథంగా స్వీకరిస్తే శాసనకర్త తీర్పునే చరిత్రగా నమోదు చేసినవాడవుతాడు. 2006 నాటి అటవీహక్కుల చట్టం అడవిబిడ్డల హక్కులను గుర్తించకపోవడాన్ని 'చారిత్రక అన్యాయం'గా తన పీఠికలోనే అంగీకరించింది. అంటే శాసనమే పూర్వశాసనాల ఫలితాన్ని దోషంగా ఎంచింది. కాబట్టి మన్యం చరిత్ర రచనలో ఎవరు ఏ నేరం చేశారన్న ప్రశ్నకు ముందు, ఆ పని ఎప్పుడు, ఎవరి ప్రయోజనం కోసం నేరమైందన్న ప్రశ్న రావాలి.