ఆఢ్యవాతము: వాతరక్త చికిత్స నడచిన దారి

అగ్నిహోత్రము ముగించి ఋషిమధ్యమున ఆసీనుడైయున్న పునర్వసు ఆత్రేయుని సమీపించి అగ్నివేశుడు ఒక ప్రశ్న వేసెను. వాయువును రక్తమును కలిసి దుష్టములైనప్పుడు, అగ్నికి గాలి తోడైనట్లు, పుట్టు వ్యాధికి కారణమేమి, లక్షణమేమి, ఔషధమేమి? చరకసంహిత చికిత్సాస్థానమున 29వ అధ్యాయము ఈ ప్రశ్నతోనే ప్రారంభమగుచున్నది. ఆ వ్యాధి వాతరక్తము, వాతశోణితమనియు అందురు. నేటి వైద్యులు గౌట్ అని పిలుచు వ్యాధికి మన శాస్త్రములలో మిక్కిలి సమీపమైనది ఇదియే. అర్ధరాత్రివేళ కాలి బొటనవ్రేలి మొదట మంటవలె లేచి, తెల్లవారునప్పటికి దుప్పటి అంచు తాకినను ఓర్వరాని వేదనగా మారు ఆ వ్యాధిని ఎరిగినవారికి, అగ్నియు గాలియు అను ఉపమానము అతిశయోక్తిగా తోచదు.

చరకుడు దీనికి మరి మూడు పర్యాయనామములు చెప్పెను: ఖుడము, వాతబలాసము, ఆఢ్యవాతము. ఖుడమనునది సంధిస్థానమును బట్టి వచ్చిన పేరు. ఆఢ్యవాతము మాత్రము రోగస్థానమును కాక రోగిని చూచి పెట్టిన పేరు. ఆఢ్యుడనగా ధనవంతుడు. చక్రపాణిదత్తుని వ్యాఖ్యానము ప్రకారము, ప్రాయికముగా ధనికులకు వచ్చుటచేత దీనికి ఈ నామము కలిగినది. ఒక రోగనామములోనే రోగి జీవనవిధానముపై ఇంత స్పష్టమైన తీర్పు ఇమిడియుండుట ఆయుర్వేదమున అరుదు.

ఆ తీర్పునకు ఆధారము నిదానభాగమున విస్తారముగా కలదు. ఉప్పు, పులుపు, కారము, క్షారము మితిమీరిన ఆహారము. జలచరముల మాంసము, చిత్తడినేలలలో తిరుగు జంతువుల మాంసము. ఉలవలు, మినుములు, అనుములు. పెరుగు, పులిసిన కాంజికములు, సుర, ఆసవములు. తిన్నది అరుగకమునుపే మరల తినుట. పగటినిద్ర, రాత్రి జాగరణము. వీటి నడుమనే, అదే వరుసలో, క్రోధము. ఇవి సేవించువారిలో ఎవరికి ఈ వ్యాధి ఎక్కువగా వచ్చునన్నచో, సుకుమారులకు, మృష్టాన్నభోజనముతో సుఖముగా కూర్చుండువారికి, నడక అలవాటు లేనివారికి అని ఆచార్యుడు చెప్పెను. ఏనుగులు, గుఱ్ఱములు, ఒంటెలపై కాళ్లు వ్రేలాడవేసి సంచరించుటయు ఒక హేతువు. వాహనము మారినది, కూర్చుండుట మారలేదు.

సంప్రాప్తి వర్ణనము ఇంకను ఆశ్చర్యకరము. దుష్టమైన రక్తము మార్గమును నిరోధింపగా వాయువు కుపితమై ఆ రక్తమును మరింత చెరచును. ఆ రెండును ద్రవస్వభావముచేత దేహమంతట సంచరించి, సంధుల యొద్ద దారి వంకరగా ఉండుటచేత అచ్చట నిలిచిపోవును. రక్తములో తిరుగు ఒకానొక పదార్థము కీళ్లలో చేరి నిలుచుటయే ఈ నొప్పికి మూలమని సూక్ష్మదర్శినులు లేని కాలమున ఊహించిన బుద్ధి సామాన్యమైనది కాదు. అయితే ఆ పదార్థమేదో వారికి తెలియదు. తెలిసినదని నేడు కొందరు వాదించుట శాస్త్రగౌరవమును పెంచదు.

ఈ వ్యాధి విషయమున పూర్వాచార్యుల మధ్య ఒక వివాదము కలదు. చరకుడు వాతరక్తమును రెండుగా విభజించెను: త్వఙ్మాంసములను ఆశ్రయించినది ఉత్తానము, లోతైన ధాతువులను చేరినది గంభీరము. సుశ్రుతసంహిత ఈ విభాగమును పేర్కొని, అది సరికాదని నిస్సంకోచముగా త్రోసిపుచ్చినది. కుష్ఠమువలెనే ఇదియు మొదట పైపైన ఉండి కాలక్రమమున లోతునకు దిగునుగాని, ఇవి రెండు జాతులు కావని సుశ్రుతుని పక్షము. ఈ చర్చ కేవలము వర్గీకరణమునకు సంబంధించినది కాదు. రెండు జాతులైనచో ఉత్తానవాతరక్తము కలవాడు నిశ్చింతగా ఉండవచ్చును. ఒకే వ్యాధి యొక్క రెండు దశలైనచో నేటి చిన్ననొప్పి రేపటి వైకల్యమునకు పూర్వరూపము. ఈ ఒక్క అంశమున సుశ్రుతుని మాటయే కాలపరీక్షకు నిలిచినది. మొదటి దాడి వారము పదిదినములలో దానంతట అదియే శమించును. పిమ్మట నెలలు, ఒకప్పుడు సంవత్సరములు ఏమియు ఉండదు. లోపల మాత్రము కార్యము సాగుచునే యుండును. పాదములలో నాటుకొని ఎలుకవిషమువలె మెల్లమెల్లగా దేహమంతట ప్రాకునని ఆ సంహిత చెప్పిన పోలిక ఈ నిశ్శబ్దకాలమునకే తగినది.

ఇక చికిత్స. నేడు గృహవైద్యమను పేర చలామణియగుచున్నవానిలో అధికభాగము ఈ అధ్యాయములనుండి రాలిన ఆకులే. తిప్పతీగ వానిలో అగ్రగణ్యము. సుమారు 7వ శతాబ్దికి చెందిన వాగ్భటుని అష్టాంగహృదయము ఉత్తరస్థానపు చివరి అధ్యాయమున ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క శ్రేష్ఠద్రవ్యమును పేర్కొనుచు, వాతరక్తమునకు గుడూచినే నిర్ణయించినది. గుడూచియే మన తిప్పతీగ. కరక్కాయలను బెల్లముతో తిని పైన తిప్పతీగ కషాయము త్రాగుట చక్రదత్తమువంటి సంగ్రహగ్రంథములలోని యోగము. గుగ్గులుతో చేయు కైశోరగుగ్గులువు కూడ ఆ కాలమునాటికి వాతరక్తాధికారమున స్థిరపడినది.

నొప్పికి పైపూతగా చరకుడు చెప్పిన పిండతైలము నేటికిని వైద్యశాలలలో దొరకును. మైనము, మంజిష్ఠ, సర్జరసము, సుగంధిపాల వేళ్లు, నూనె: ఇంతియే దాని కూర్పు. గోధుమపిండిని మేకపాలు, నేతితో కలిపి వేయు పట్టు మరియొకటి. జలగలచేతను, కొమ్ముచేతను, సొరబుర్రచేతను రక్తము తీయుట కలదు; అదియును కొంచెము కొంచెముగా మాత్రమే, కృశించినవానికి తీయరాదను నియమముతో. బస్తికి సమానమైన చికిత్స వాతరక్తమునకు లేదని కూడ అదే అధ్యాయము నిర్ద్వంద్వముగా పలుకును. గృహవైద్యము ఆ వాక్యమును పూర్తిగా మరచిపోయినది. బస్తి ఇంటిలో సాధ్యమగునది కాదు గనుక ఆ మరపు సహజమే.

ఆముదము సంగతి వేరు. తెలుగునాట పెద్దవాండ్రు కీళ్లనొప్పి అనగానే పాలలో ఆముదము వేసి త్రాగించుట ఎల్లరకు తెలిసినదే. ఆ యోగము చరకమున అక్షరాల కలదు. కాని అచ్చట రెండు షరతులు కూడ కలవు: దోషము అధికముగా ఉన్నవానికి విరేచనార్థమే దానిని ఈయవలెను, అది జీర్ణమైన పిమ్మట పాలన్నమే తినవలెను. ఇంటింట ఆముదము మిగిలినది, షరతులు జారిపోయినవి. నీరసించిన వృద్ధునకు ప్రతి ఆదివారము ఆముదము పట్టించుట చరకుని చికిత్స కాదు.

లేపముల విషయమున ఆచార్యుని హెచ్చరిక మరింత కఠినము. కఫవాతములు ప్రబలినప్పుడు చల్లని పూతలు వేసినచో స్తంభనముచేత మంట, వాపు, నొప్పి, దురద పెరుగును. రక్తపిత్తములు ప్రబలినప్పుడు వేడిపూతలు వేసినచో మంట పుట్టి చర్మము పగులును. కావున దోషబలము ఎరిగి చికిత్స చేయవలెను. ఒకే వ్యాధికి, ఒకే కాలికి, ఒకే పట్టు ఒకనికి అమృతము, మరియొకనికి అపకారము. ‘ఫలానాది పూయుడు, తగ్గును’ అను నేటి ఉచితసలహాలన్నిటికిని ఈ ఒక్క ఖండనము చాలును. ఎఱ్ఱగా కాలుచున్న కీలుపై వేడికాపడము పెట్టరాదనియు, చల్లని గుడ్డయే హితమనియు ఆధునికవైద్యులు చెప్పుట రక్తపిత్తపక్షమునకు సరిపోవుచున్నది.

పథ్యమున చరకుడు పాతబియ్యము, యవలు, గోధుమలు, బచ్చలి, కామంచి వంటి శాకములు, ఆవు, గేదె, మేక పాలు విధించెను. పప్పులలో కంది, పెసర, సెనగ, చిరుసెనగలను నేతితో కూడిన కట్టుగా మెచ్చెను. గౌట్ అనగానే పప్పును పూర్తిగా మాన్పించు అలవాటు నేటి గృహములలో బలముగా ఉన్నది. అమెరికాలో 47,150 మంది పురుషులను 12 సంవత్సరములు గమనించి 2004లో ప్రకటించిన పరిశోధనమున మాంసము, చేపలు, జలజీవుల ఆహారము ఈ వ్యాధిని పెంచుననియు, పాలపదార్థములు తగ్గించుననియు, ప్యూరిన్లు గల శాకములు, పప్పులు పెంచుటలేదనియు తేలినది. జలచరమాంసము హేతువు, పాలు పథ్యము, కందికట్టు హితము అను పాతపట్టికతో దీనిని ప్రక్కప్రక్కన పెట్టి చూడదగును. ఉలవలు, మినుముల విషయమున మాత్రము ఆ రెండిటికి పొత్తు కుదరదు, కుదిరినదని చెప్పనక్కరలేదు.

ఇదే వ్యాధికి పశ్చిమదేశములలో వేరొక దారి నడచినది. 6వ శతాబ్దికి చెందిన ట్రాలెస్ నగరపు అలెగ్జాండరు అను గ్రీకువైద్యుడు ఒక దుంపను ఈ నొప్పికి వాడెను. అదియే అరబ్బీవైద్యమున సూరంజాన్ అను పేర స్థిరపడి, యునానీ హకీములతో మన దేశమునకు వచ్చినది. వారు ఈ వ్యాధిని నిఖ్రిస్ అందురు. కాశ్మీరమున పెరుగు దాని జాతిభేదము చేదుసూరంజాన్‌గా అంగళ్లలో అమ్ముడుపోవుచుండెను. 1820లో ఫ్రాన్సున పెల్లెటియే, కవెంటూ అను ఇరువురు రసాయనజ్ఞులు ఈ జాతి దుంపలలోని సారమును వేరుచేసిరి. కొల్చిసిన్ అను ఆ ఔషధమును నేటికిని వైద్యులు వ్రాయుచునే యున్నారు. అది మాత్రమీరినచో ప్రాణాంతకము. దుంపను పొడిచేసి ఇంటిలో చెంచాలతో కొలుచుకొనుట విషముతో ఆటయే.

1683లో ఆంగ్లవైద్యుడు థామస్ సిడెన్‌హామ్ ఈ వ్యాధిపై గ్రంథము వ్రాసెను. అతడు స్వయముగా దీర్ఘకాలము ఈ వ్యాధితో బాధపడినవాడు. పేదలకంటె ధనికులను, మూఢులకంటె ప్రాజ్ఞులను ఇది ఎక్కువగా పట్టునని అతడు తన్ను తాను ఓదార్చుకొనెను. ఆఢ్యవాతమను పేరు అతని చెవిని పడియుండినచో ఆ ఓదార్పు సగము తగ్గియుండెడిది. 1776లో షీలే మూత్రాశయపు రాళ్లలో యూరిక్ ఆమ్లమును కనుగొనెను; 1797లో ఉలాస్టన్ గౌట్ గడ్డలలో దాని లవణమును గుర్తించెను; 1848లో గారడ్ రోగుల రక్తములోనే అది అధికముగా ఉన్నదని నిరూపించెను. రోగి రక్తరసమున ఆమ్లము కలిపి, అందులో ఒక నూలుపోగు ఉంచి, దానిపై స్ఫటికములు పేరుకొనుటను చూచు పరీక్ష అతనిదే. సంధులయొద్ద నిలిచిపోవు ఆ పదార్థము చివరకు ఒక దారపుపోగుపై కంటికి కనబడినది.

అయినను వాతరక్తము, గౌట్ ఒకటే అని ముద్రవేయుట తొందరపాటు. పూర్వరూపములలో స్పర్శజ్ఞానలోపము, దేహవర్ణము నల్లబడుట, పొక్కులు, చెమట ఎక్కువగుట లేక అసలే లేకుండుట చెప్పబడినవి. ఇవి గౌట్ లక్షణములు కావు. రక్తనాళముల, నరముల, చర్మపు వ్యాధులు కొన్ని ఆ ఒక్క పేరు క్రింద చేరియుండుటయే యుక్తము. కావున ‘వాతరక్తహరము’ అను చీటి ఉన్న ప్రతి మందును యూరిక్ ఆమ్లమునకు మందుగా భావింపరాదు. తిప్పతీగ విషయముననే 2021లో ముంబయి వైద్యులు కాలేయమునకు హాని కలిగిన కొందరు రోగుల వృత్తాంతములు ప్రకటించిరి. ఆయుష్ మంత్రిత్వశాఖ దానిని ఆక్షేపించి, అదే జాతిలోని వేరొక తీగతో పొరపాటు పడుటకు అవకాశము కలదని చెప్పెను. ఎవరి పక్షము ఎట్లున్నను, గోడవారనున్న తీగ ఏదో నిశ్చయింపక కషాయము కాచుట ఏ శాస్త్రమునకు సమ్మతము కాదు. కీలువాపుతో చలిజ్వరము కూడినచో అది గౌట్ కాక కీలులో చీము కావచ్చును. అప్పుడు లేపములతో ఒక్కదినము గడుపుటయు ప్రమాదమే.

వాగ్భటుడు చెప్పిన యోగములలో నీరుగొబ్బిది ఒకటి. సంస్కృతమున కోకిలాక్షము. చెరువుగట్ల వెంబడి, వరిమళ్ల తేమలో ముళ్లతో, ఊదారంగు పువ్వులతో పెరుగు మొక్క. దాని కషాయమును త్రాగుచు, దాని ఆకునే కూరగా తినువానికి వాతరక్తము, దయను అభ్యసించువాని క్రోధమువలె, అణగునని ఆయన ఉపమించెను. వైద్యగ్రంథమున ఇట్టి ఉపమానము అలంకారమునకై వచ్చినది కాదు. దయ ఒక్కసారి చూపుటచే క్రోధము పోదు, అభ్యాసముచేతనే పోవును. మందు సైతము అట్లే, ఒక మోతాదు కాదు, దినదినాహారము. క్రోధమును హేతువులలో చేర్చిన చరకుని వాక్యము ఆయన మనస్సున మెదలియుండును.

రోగము ఎంతవరకు లొంగునో కూడ శాస్త్రము కప్పిపుచ్చలేదు. ఏకదోషమై క్రొత్తగా వచ్చినది సాధ్యము. సంవత్సరము దాటినది యాప్యము. మోకాళ్లవరకు పగిలి స్రవించునది అసాధ్యము. యాప్యమనగా పూర్తిగా పోదు, కాని చికిత్స సాగినంతకాలము అదుపున ఉండును. కూలనున్న ఇంటిని చక్కగా నిలిపిన ఊతకొయ్య మోయునట్లు, తగిన చికిత్స యాప్యరోగిని మోయునని సుశ్రుతుడు సూత్రస్థానమున చెప్పెను. యూరిక్ ఆమ్లమును తగ్గించు అల్లోప్యూరినాల్ 1966లో అమెరికాలో ఆమోదము పొందినది. దానిని రూపొందించిన హిచింగ్స్, ఎలియన్‌లకు 1988లో నోబెల్ పురస్కారము లభించినది. ఆ మాత్రను ప్రతిదినము వేసికొనవలెను. నొప్పి లేని నెలలలో మానివేసినవారికి నొప్పి మరల వచ్చుచున్నది; ఊతకొయ్యను తీసివేసిన ఇల్లు ఎట్లు నిలుచును?