1980–90 దశకము – పునర్విమర్శ : పాలకొల్లు సీమనుండి ఒక పరిశీలన

పాలకొల్లు చరిత్రను వ్రాయబూనినవారు సాధారణముగా క్షీరారామ శాసనములతో ఆరంభించి, పదునేడవ శతాబ్దిలో ఇచట వెలసిన డచ్చివారి వర్తకస్థానముతో ముగింతురు. తాము కన్నులార చూచిన కాలము చరిత్ర కాదను భావమే దీనికి కారణము. కాని 1980–90 దశకము గడచి మూడు దశాబ్దములు దాటినది. చరిత్రకారులు దానిని మరల తూచుచున్నారు. ఆ తూకమును ఈ సీమ గ్రామములను దృష్టియందుంచుకొని పరిశీలింప దలచితిమి.

1982 మార్చి 29న స్థాపితమైన తెలుగుదేశము 1983 జనవరిలో అధికారమునకు వచ్చెను. నందమూరి తారక రామారావుగారి పాలన, 1984 ఆగస్టు–సెప్టెంబరు నెలల స్వల్పవిరామము తప్ప, 1989 డిసెంబరు వరకు సాగెను. సమకాలికుల వ్రాతలలో పెక్కు స్తుతి గాని నింద గాని అయినవి. రెండును వ్యక్తిని చూచినంతగా శాసననిర్మాణమును చూడలేదు. కిలో రెండు రూపాయల బియ్యము చుట్టునే వాదములు తిరిగెను. నేడు విచారింపదగినవి మరి రెండు కలవు.

మొదటిది గ్రామోద్యోగముల రద్దు. 1984 జనవరిలో ఆర్డినెన్సు ద్వారా మునసబు కరణముల పదవులు తొలగింపబడెను. దీనిని ఒక్కదినపు విప్లవముగా పలువురు వర్ణించిరి. ఇది సవరింపదగిన అభిప్రాయము. ఆ ఉద్యోగములలో వంశపారంపర్యపు హక్కు చెల్లదని సర్వోన్నత న్యాయస్థానము 1960లోనే తీర్పు చెప్పియుండెను. చట్టమున పోయినది ఆచారమున నిలిచినది. 1984 ఆ శేషమును తుడిచినది. 1985లో అదే న్యాయస్థానము రద్దును సమర్థించెను.

రెండవది కుమార్తెల ఆస్తిహక్కు. 1985 సెప్టెంబరు 5 నుండి అమలునకు వచ్చిన సవరణచట్టము అవిభక్త కుటుంబపు ఆస్తియందు కుమార్తెకు జన్మచేతనే కుమారునితో సమానమైన భాగమొసగెను. అయితే ఆ తేదీకి పూర్వము వివాహమైన కుమార్తెకు అది వర్తింపలేదు. ఆ యేటి వేసవిలో అక్కకును, మరుసటి మాఘమున చెల్లెలికిని పెండ్లియైన ఇంట, కాలువక్రింది ఒకే మాగాణి విషయమున ఇరువురకు రెండు న్యాయములు! 2005 నాటి కేంద్రచట్టము ఈ భేదమును తొలగించెను; 2020లో సర్వోన్నత న్యాయస్థానము జన్మసిద్ధమైన ఆ హక్కును మరింత స్థిరపరచెను. నాడు చిన్నదిగా తోచిన చట్టము దేశమునకు మార్గదర్శకమైనదని ఇప్పుడు తెలియుచున్నది.

కాని చట్టము పుట్టుట వేరు, పొలముగట్టు చేరుట వేరు. పసుపు కుంకుమల క్రింద ఇచ్చిన భూమితోను, కట్నముతోను ఆడపడుచు భాగము తీరినదను నమ్మకము ఈ సీమలో బలమైనది. హక్కును నిరూపింపవలసిన లెక్కలు కరణముచేత నుండెను. అడంగలు మిగిలినను, సరిహద్దులెరిగిన జ్ఞాపకము ఆయనతో పోయినది. గ్రామపు పెత్తనమును తొలగించిన దశకమే, ఆ పెత్తనము కాపాడిన సాక్ష్యమును గూడ సడలించినది. ఈ రెండు సంస్కరణలను విడివిడిగా చదివినంతకాలము ఈ సంగతి మాకును స్ఫురింపలేదు.

కావున ఆ దశకపు ఫలితమును ఉపన్యాసములందు గాక పంపకపు దస్తావేజులందును, దానపత్రములందును వెదకవలెను. పెండ్లి తేదీయే హక్కును నిర్ణయించినది గనుక, నాటి లగ్నపత్రికయు శాసనమంతటి ఆధారమే. ఇండ్లలోని ఆ కాగితములు చెదలపాలు కాకమునుపే పరిశోధక విద్యార్థులు వానిని సేకరింతురు గాక యని మా విన్నపము.