పెనుకొండ కుళ్లాయి, ధర్మవరం పట్టు, కలబరి ఇంజిరి

హిందూపురానికి చేరువలోని లేపాక్షి వీరభద్రాలయం విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల పాలనలో (1529–42) విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరుల ఆధ్వర్యంలో రూపుదిద్దుకొంది. వారిలో విరూపణ్ణ పెనుకొండ సీమలో రాజోద్యోగి. ఆలయ మండపాల పైకప్పులపై ఉన్న వర్ణచిత్రాలను కళా చరిత్రకారులు పురాణగాథల కోసం చదివినంతగా వస్త్రచరిత్ర కోసం చదవలేదు గాని, ఆనాటి దక్షిణదేశపు నేతను గురించి ఇంత విస్తారంగా మాట్లాడే సాక్ష్యం మరొకటి దొరకడం కష్టం. పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం వంటి ఘట్టాల్లో నిలిచిన స్త్రీల చీరల మీద చారలు, గళ్లు, పూల బుటాలు ఒకదానితో ఒకటి పోలిక లేకుండా కనిపిస్తాయి. పురుషుల్లో పలువురు కుళ్లాయి అనే పొడవాటి శంకువు ఆకారపు టోపీని ధరించి ఉంటారు.

ఈ కుళ్లాయి, దానితోపాటు కబాయి అనే పొడవు చేతుల అంగీ, విజయనగర ఆస్థానానికి ఇస్లామిక్ ప్రపంచపు రాజసభల నుంచి వచ్చినవని చరిత్రకారుడు ఫిలిప్ వాగనర్ 1996లో వెలువరించిన వ్యాసంలో నిరూపించాడు. వచ్చినవి వచ్చినట్టే పరాయివిగా మిగిలిపోలేదు. రాజు సభలో వాటిని ధరించడం హోదాకు గుర్తయింది, శ్రీనాథుడిదిగా ప్రచారంలో ఉన్న ఒక చాటువులో కర్ణాటక రాజసభకు వెళ్లిన తెలుగు కవికి కుళ్లాయి తప్పనిసరి వేషమైంది. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత అరవీటి తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు తరలించినప్పుడు ఆ ఆస్థాన మర్యాదలు కూడా ఈ కొండకోటకు చేరాయి. ఒక జాతి తన ప్రతిష్ఠకు చిహ్నంగా నిలుపుకొనే దుస్తులు ఆ నేలలోనే పుట్టి ఉండాలన్న నియమం చరిత్రలో ఎక్కడా లేదు.

ధర్మవరం పట్టుకూ ఈ మాట వర్తిస్తుంది. మల్బరీ పట్టుపురుగుల పెంపకం మైసూరు రాజ్యంలో నిలదొక్కుకొన్నది 18వ శతాబ్ది చివర టిప్పు సుల్తాన్ బెంగాలు నుంచి ఆ విద్యను రప్పించిన తరువాతనే. మైసూరు సీమను ఆనుకొని ఉన్న హిందూపురం ప్రాంతంలోనూ మల్బరీ తోటలు విస్తరించి, నేడు ఆ పట్టణంలోని పట్టుగూళ్ల మార్కెట్ రాష్ట్రంలోనే పేరెన్నికగన్నది. గూళ్ల నుంచి తీసిన ముడిపట్టుకు పురి పెట్టి, ఉడికించి, రంగులద్ది, పడుగు పేకలుగా మగ్గానికి ఎక్కించి నేసే ధర్మవరం చీరకు వెడల్పైన అంచు, ఒంటి రంగుకు భిన్నమైన రంగులో జరీ నిండిన కొంగు ప్రధాన లక్షణాలు. లేపాక్షి లతామండపపు స్తంభాల మీద చెక్కిన లతలను, హంసలను, పైకప్పు చిత్రాల్లోని అంచులను నేతగాళ్లు జకార్డు అట్టల మీదికి ఎక్కించుకొన్నారు. 16వ శతాబ్దపు మగ్గం నుంచి నేటి మగ్గం దాకా ఒకే ధార తెగకుండా సాగిందని భావించనవసరం లేదు. పాత ఆలయాన్ని చూసి తమదిగా ఎంచుకోవడం కూడా వారసత్వమే, బహుశా గాఢమైన వారసత్వం. రాష్ట్ర హస్తకళల సంస్థ తన దుకాణాలకు లేపాక్షి అనే పేరే పెట్టుకోవడం ఆ ఎంపికకు ప్రభుత్వ ముద్ర.

ఇలా తమదిగా ఎంచుకోవడానికి అతి దగ్గరి పోలిక ఆఫ్రికాలో దొరకడమే కాదు, ఆ పోలికలో సగం తెలుగు నేల మీదే ఉంది. కోస్తాలోని చీరాల పరిసరాల నేతగాళ్లు నేసిన గళ్ల నూలు బట్ట ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ అనే వ్యాపారనామంతో మద్రాసు రేవు మీదుగా పశ్చిమాఫ్రికాకు తరతరాలుగా ఎగుమతి అయ్యింది. నైజర్ నది డెల్టాలో నివసించే కలబరి జాతివారు దానిని ఇంజిరి అంటారు. పసిబిడ్డ పుట్టినప్పుడు, పెద్దవారు గతించి వారి మంచాన్ని అలంకరించేటప్పుడు, పూర్వికులను ఆవాహన చేసే ముసుగు నృత్యాల్లో అది ఉండి తీరాలి. కలబరి స్త్రీలు అక్కడితో ఆగక, ఆ బట్టలోని ఎంచుకొన్న రంగు పోగులను చాకుతోనో బ్లేడుతోనో కోసి లాగివేసి, అల్లికలాంటి కొత్త నమూనాలను తెచ్చారు. పెలెతె బితె అని పిలిచే ఆ బట్ట కలబరి కుటుంబాలకే ప్రత్యేకం. ఈ ప్రక్రియను జోయాన్ ఐకర్, కలబరి పండితుడు టోన్యే ఎరెకోసిమా కలిసి అధ్యయనం చేసి, పరాయి వస్తువును ఎంచుకోవడం, పేరు పెట్టడం, ఆచారంలో చేర్చడం, రూపు మార్చడం అనే నాలుగు దశలుగా వివరించారు. పోగులను అమర్చిన చీరాల నేతగాడికి వాటిని ఎవరో తీసివేస్తారని ఊహకైనా తట్టి ఉండదు.

ఆఫ్రికా ఆత్మగౌరవానికి ప్రపంచమంతటా గుర్తుగా చెలామణీ అయ్యే ఇతర వస్త్రాలదీ ఇదే దారి. మైనం అద్దకపు బట్ట జావా బాటిక్‌కు అనుకరణగా డచ్చివారి మిల్లుల్లో పుట్టింది. ఘనాలోని అశాంటీ జాతి కెంటె వస్త్రానికి పూర్వం దిగుమతి పట్టుబట్టల పోగులను విప్పి వాడుకొన్నారు. అయినా 1957 మార్చి 6న ఘనా స్వాతంత్ర్యాన్ని ప్రకటించేటప్పుడు క్వామే ఎన్‌క్రుమా ఉత్తర ఘనా రైతులు తొడుగుకొనే ముతక చేనేత అంగీని ధరించాడన్నది గమనించదగిన విషయం; కెంటె రాచరికానికి చిహ్నం, ఆ అంగీ సామాన్యుడిది.

కెంటెకు మిల్లు అచ్చులు వచ్చినట్టే ధర్మవరం చీరకు మరమగ్గపు నకళ్లు వచ్చాయి. ‘ధర్మవరం చేనేత పట్టు చీరలు, పావడలు’ అన్న పేరుకు భౌగోళిక గుర్తింపు లభించింది. అంతకు ముందే, 1985లో పార్లమెంటు చేసిన చేనేత రిజర్వేషన్ చట్టం పట్టుచీరలు సహా కొన్ని రకాలను చేనేతకే కేటాయించింది, 1993లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. చట్టం ఉంది, అమలు మాత్రం బలహీనం.