తుపానును ఏ భాషలో అడగాలి?

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటినది. ఉద్దానంలో తాతలనాటి కొబ్బరిచెట్లు, జీడితోటలు ఒక్క పూటలో నేలకూలినవి. అంతకు నాలుగేండ్ల ముందు, 2014 అక్టోబరు 12న, విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ విజయనగరం జిల్లాను సైతం అతలాకుతలం చేసినది. తుపాను హెచ్చరికలు చదివి వినిపించే మాకు ఇటువంటి వేళల ఒక ప్రశ్న తోచుతూ వుంటుంది: రేపటి గాలిని గురించి యంత్రాన్ని ఏ భాషలో అడగవలె?

ఈ ప్రశ్నకు చిన్న చరిత్ర కలదు. 1950లో అమెరికాలో చార్నీ, వాన్ నాయ్‌మన్ ప్రభృతులు ‘ఎనియాక్’ యంత్రంపై వాతావరణాన్ని లెక్కకట్టినారు. ఇరవైనాలుగు గంటల సూచనకు దాదాపు ఇరవైనాలుగు గంటలే పట్టినది. స్విచ్చులు తిప్పి, చిల్లుల కార్డులు అందించి ఆ యంత్రానికి పని చెప్పవలసివచ్చేది. 1957లో ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్ బృందం ఫోర్ట్రాన్ భాషను వెలువరించినది. గణితసూత్రాన్ని ఇంచుమించు కాగితం మీద రాసినట్లే రాయవచ్చును. లెక్కా వేగంగా సాగును. తుపాను దాటిపోయిన తరువాత అందే సూచన ఎవరికి కావలె? అందుచేతనే మన వాతావరణ శాఖ వాడుతూ వచ్చిన ‘వర్ఫ్’ నమూనాలో సైతం ప్రధానభాగం ఫోర్ట్రానే.

అన్ని అనుకరణలూ గాలిలెక్కలు కావు. ఆశ్రయ కేంద్రానికి బస్సులు ఎప్పుడు చేరును, జనం ఎంతసేపు వరుసలో నిలువవలెను అన్నది వేరు జాతి ప్రశ్న. ఇటువంటి సంఘటనల వరుసను లెక్కించుటకే 1960లలో నార్వేలో నైగార్డ్, డాల్ సిమ్యులా భాషను నిర్మించినారు.

తుపాను వెలిసిన పిదప గణాంకశాస్త్రజ్ఞుని పని మొదలగును. ఏ ఊర ఎన్ని చెట్లు పోయినవి? గాలివేగానికీ నష్టానికీ పొత్తు ఎంత? ఇక్కడ ప్రశ్న ముందే స్థిరపడి వుండదు. అంకెలను చూచి, పటం గీసి, మరల అడగవలె. ఈ అవసరానికే 1976లో బెల్ ప్రయోగశాలలో జాన్ ఛాంబర్స్, సహచరులు ‘ఎస్’ భాషకు శ్రీకారం చుట్టినారు. ఆ బాటలోనే న్యూజీలాండులో ఇహాకా, జెంటిల్‌మన్‌లు ‘ఆర్’ భాషను రూపొందించినారు. 2000 ఫిబ్రవరి 29న దాని తొలి పూర్తిరూపం వెలువడినది. ఎవరైనను వెల లేకుండా వాడుకొనవచ్చును.

విశేషమేమనగా, ఫోర్ట్రాన్ లెక్కలను సులభంగా పిలుచుకొనుటకే ‘ఎస్’ పుట్టినది. ‘ఆర్’ లోపల నేటికీ ఎన్నో గణనలు ఫోర్ట్రాన్‌లోనే సాగుచున్నవి. కొత్త భాష పాతదాన్ని ఇంటిపెద్దగా నిలుపుకొన్నది.

కనుక ఏ భాష గొప్పదను వాదం మాకు రుచించదు. ముందు ప్రశ్న ఏమిటో తేల్చుకొనవలె. భాష తరువాతి మాట. భావనపాడులో పడవను ఒడ్డుకు లాగే మత్స్యకారునికి ఆ భాష పేరుతో పనిలేదు. గాలి ఎన్ని గంటలకు వచ్చునో వేళకు తెలిసిన చాలును.